ఎవరి ప్రశాంతత ఇది?

మా కాలనీ సంక్షేమ సంఘం వార్షికోత్సవ సావనీరు వేస్తోందనీ, 'మన కాలనీ ఎందుకు గొప్పది' అన్న విషయం మీద రెండు పేజీలు రాసిమ్మనీ కార్యదర్శిగారు నన్ను అడిగారు. చిన్నప్పటినుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. "సాహిత్యంలో డాక్టరేట్ చేశావు కదమ్మా, నువ్వు రాస్తే నిండుగా ఉంటుంది" అన్నారు. రాసిచ్చాను. వారం తర్వాత కాగితాలు తిరిగొచ్చాయి. చెరువు గురించి, చెట్ల గురించి, గుడి గురించి రాసినవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆడవాళ్ల గురించి రాసిన పేరాలన్నిటి మీదా ఎర్ర ఇంకుతో అడ్డగీతలు. "ఇవి ఇంట్లో మాట్లాడుకునే విషయాలమ్మా, సావనీరులో బాగుండవు" అన్నారు. కోపంగా కాదు, చాలా ప్రేమగానే. ఆ కొట్టేసిన పేరాలే ఇక్కడికి తెచ్చాను, ఈసారి ఇంకొంచెం గట్టిగా.

మాది హైదరాబాదులో కుషాయిగూడ పక్కన ఒక శివారు కాలనీ. 1967లో ఈసీఐఎల్ వచ్చాక, ఆ వెనకే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సూ చర్లపల్లి పారిశ్రామికవాడా వచ్చాక, ఈ రాళ్ల నేల మీద ఉద్యోగుల ఇళ్లు లేచాయి. కాప్రా మున్సిపాలిటీగా ఉన్న మా ప్రాంతం 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. శివారు అంటే పొలిమేర. పూర్తిగా ఊరూ కాదు, నగరమూ కాదు. ఊళ్లో ఉండే నిఘా, నగరంలో ఉండే ఒంటరితనం రెండూ ఆడవాళ్ల వాటాకి వచ్చిన చోటు.

కాలనీ చరిత్ర మాకందరికీ కంఠతా వచ్చు. నాన్నలు ప్లాట్లు కొన్నారు. అప్పులు చేసి ఇళ్లు కట్టారు. మున్సిపాలిటీ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి నల్లా లైను తెచ్చారు. అన్నీ నిజాలే. కానీ ఆ నల్లా కింద బిందె పెట్టింది ఎవరు? నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి, అదీ అర్ధరాత్రి దాటాక. అమ్మ రెండింటికి లేచి డ్రమ్ములు నింపేది. నింపి, ఓ గంట నడుం వాల్చి, ఐదింటికి పొయ్యి దగ్గరికి వెళ్లేది. ఏడింటికల్లా నాన్న క్యారియరు, మా ఇద్దరి డబ్బాలు సిద్ధంగా ఉండాలి. ఒక వేసవిలో పదిరోజులు నీళ్లు రాలేదు. రెండు వీధుల ఆడవాళ్లు ఖాళీ బిందెలతో మెయిన్ రోడ్డు మీద కూర్చున్నారు. నాకప్పుడు ఆరేళ్లు, అమ్మ ఒళ్లో కూర్చున్నాను. బస్సు డ్రైవర్లు హారన్లు కొడుతున్నా అమ్మ కదలకపోవడం నాకు బాగా గుర్తు. ఆ తర్వాతే లైను బాగుపడింది.

పరిశోధకురాలి అలవాటు కొద్దీ ఈ వ్యాసం కోసం సంఘం మినిట్స్ పుస్తకాలు తిరగేశాను. ఆ ఏడాది ఇలా ఉంది: సంఘం కృషి వల్ల నీటి సమస్య పరిష్కారమైంది. బిందెలు లేవు, ఆడవాళ్లూ లేరు. మొత్తం పుస్తకాల్లో ఆడవాళ్ల పేర్లు కనిపించేది సంక్రాంతి ముగ్గుల పోటీ విజేతల జాబితాలోనే. అక్కడా సొంత పేరు కాదు, భర్త పేరుకి ముందు ఒక 'శ్రీమతి'.

ఇక ప్రశాంతత. మా కాలనీకి వచ్చిన చుట్టాలంతా మొదట అనే మాట, "ఎంత ప్రశాంతంగా ఉందో!" అని. మధ్యాహ్నం రెండింటికి మా వీధిలో చీమ చిటుక్కుమంటే వినబడుతుంది. ఎందుకంటే ఆ వేళ ప్రతి ఇంట్లోనూ ఒక ఆడమనిషి, తలుపు వేసుకుని, ఒంటరిగా, మరుసటి పూట పనికి సిద్ధం చేస్తూ ఉంటుంది. అరవై ఇళ్లు, అరవై వంటిళ్లు, అరవై చాకిరీలు. డొలొరెస్ హేడెన్ 1980లోనే అమెరికా శివారు ఇళ్ల గురించి ఇలాంటి ప్రశ్నే వేసింది. ఇంట్లో జీతం లేని ఒక స్త్రీ ఉంటుందన్న లెక్క మీదే ఆ ఇళ్లు కట్టారని చూపించి, ఉమ్మడి వంటిల్లు, పిల్లల సంరక్షణ ఉండే ఇళ్లను ఊహించింది. మనకి ఉమ్మడిగా ఒక కమ్యూనిటీ హాలుంది. పెళ్లిళ్లకీ ఎన్నికల సభలకీ తప్ప దానికి తాళమే. ఉద్యోగానికెళ్లే తల్లులు పిల్లల్ని అక్కడ వదిలేలా ఒక ఏర్పాటు చేద్దామంటే, "పిల్లల్ని చూసుకోడానికి నానమ్మలున్నారు కదా" అన్నారు. నానమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశాంతతకి ఇంకో లెక్క కూడా ఉంది. రోజూ పొద్దున ఆరింటికి అవతలి బస్తీ నుంచి ఆడవాళ్లు వస్తారు. గేటు దగ్గర పుస్తకంలో వేలిముద్ర, తిరిగి వెళ్లేటప్పుడు సంచీ తనిఖీ. మధ్యాహ్నం దాకా నాలుగేసి ఇళ్లు. నాలుగిళ్లలో బాత్రూములు కడిగే మనిషికి వెళ్లడానికి ఒక్క బాత్రూమూ లేదు. నీళ్లు తాగడం తగ్గించుకున్నానని మా ఇంట్లో పనిచేసే అక్క చెప్పింది. నేను స్త్రీల శ్రమ గురించి థీసిస్‌లో అధ్యాయం రాస్తున్న రోజులవి. మా ఇంట్లో ఆమె ఏ బాత్రూముకి వెళ్తోందో అంతవరకూ నాకు తోచలేదు. ఈ మాట రాయడం నాకే సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను, వేలు బాబాయ్ వైపే చూపిస్తే సరిపోదు కనక.

'భద్రత' అన్న పేరా మీద ఎర్ర గీతలు మరీ లోతుగా ఉన్నాయి. కొన్నేళ్ల కిందట గేటు దగ్గర సీసీ కెమెరాలు పెట్టారు, ఆడపిల్లల రక్షణ కోసం అన్నారు. ఆ కెమెరా పట్టుకున్న మొదటి 'నేరం', మా ఎదురు వీధి అమ్మాయి రాత్రి ఎనిమిదింటికి ఒక అబ్బాయి బండి దిగడం. కమిటీ పెద్దాయన ఒకాయన ఆ దృశ్యాన్ని ఫోన్లో ఎక్కించుకుని వెళ్లి ఆమె తండ్రికి చూపించాడు. మన పిల్లే కదా అని జాగ్రత్త చెప్పాడట. మూడు నెలల్లో పెళ్లి చేసేశారు. డిగ్రీ చివరి పరీక్షలు ఆమె రాయలేదు.

అదే వీధిలో ఇంకో ఇంట్లో ఒకామె ఏళ్ల తరబడి దెబ్బలు తింది. గిన్నెలు విసిరిన చప్పుడు అందరికీ వినబడేది. మర్నాడు పొద్దున ఆమె వాకిట్లో ముగ్గు వేస్తుంటే అందరూ పలకరించేవాళ్లు కూడా. గృహహింస చట్టం 2005లోనే వచ్చింది, మా కాలనీలోకి మాత్రం రాలేదు. కెమెరా గేటు వైపే చూస్తుంది. గేటు దగ్గర జరిగేది అందరి విషయం, ఇంటి లోపల జరిగేది 'వాళ్లింటి విషయం'. ఇదేనా మనం సావనీరులో అచ్చువేసుకోబోయే భద్రత?

అలాగని మా కాలనీలో నాకు నచ్చింది ఏమీ లేదా? ఉంది. మా కాలనీలో అన్నిటికన్నా గొప్పది దాని బయట ఉంది: బస్టాపు. కుషాయిగూడ నుంచి తార్నాక మీదుగా కోఠి, అఫ్జల్‌గంజ్ వెళ్లే 3కే బస్సు. కోఠి మహిళా కళాశాలలో చదివిన మూడేళ్లూ స్టూడెంట్ పాసుతో దాన్లోనే తిరిగాను. (1924లో మొదలైన ఆ కళాశాల ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయమైంది.) గంటకు పైగా ప్రయాణం. ఆ గంటలో నేను ఎవరమ్మాయినో ఎవరికీ తెలియదు. నిలబడి నవలలు చదివాను. కిటికీ సీటు దొరికితే ఏమీ చదవకుండా కూర్చున్నాను. నా చదువు సగం ఆ బస్సులోనే సాగింది. బస్సే లేకపోతే నన్ను దగ్గర్లోని ఏదో కాలేజీలో వేసేవాళ్లు, లేదా ఇంటర్‌తో ఆపేసేవాళ్లు. మెట్రో 2017లో తార్నాక, హబ్సిగూడల దాకా వచ్చింది గానీ మా దాకా రాలేదు. మాకు దిక్కు బస్సే.

2023 డిసెంబరు 9న ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మొదలైంది. అరవై దాటిన మా అమ్మ, పక్కింటి అత్త కలిసి ఆధార్ కార్డులు పట్టుకుని బయల్దేరారు. సాయంత్రం వచ్చాక ఎక్కడికెళ్లావని నాన్న అడిగితే "ఊరికే, సుల్తాన్‌బజార్ దాకా" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో అమ్మ ఎక్కడికైనా 'ఊరికే' వెళ్లడం అదే మొదలు. ఆసుపత్రికో, గుడికో, పేరంటానికో, చావుకో వెళ్లింది తప్ప ఊరికే వెళ్లింది లేదు. ఆ వారమే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన రాశాడు, పనీపాటా లేని ఆడవాళ్లతో బస్సులు నిండిపోతున్నాయని. నలభై ఏళ్లు తెల్లవారుజాము నీళ్లు పట్టినవాళ్లకి పనీపాటా లేదట! పార్కులో బెంచీల మీద పొద్దుటినుంచీ పేకాడేవాళ్లని ఈ మాట ఎవరూ అనరు. ఆ పార్కులో ఆడవాళ్లు చుట్టూ నడవచ్చు, ఆరోగ్యం కోసం. కూర్చుంటే మాత్రం చూపులు మొదలవుతాయి.

కాబట్టి బాబాయ్, మన కాలనీ గొప్పదని నేను రాయాలంటే నాకు కొన్ని కావాలి. గేటు దగ్గర పనివాళ్ల కోసం శుభ్రమైన మరుగుదొడ్డి, లోపల గడియ ఉండాలి. హాలు తాళంచెవి పగటిపూట తల్లుల చేతిలో ఉండాలి. స్టాపు దగ్గర వెలగని దీపం వెలగాలి. రాత్రి తొమ్మిది తర్వాత బస్సుల కోసం సంఘం లెటర్‌హెడ్ మీద డిపో మేనేజరుకి ఒక అర్జీ వెళ్లాలి. ఆ కెమెరా దృశ్యాలు ఏ తండ్రి ఫోన్లోకీ వెళ్లకూడదని మినిట్స్‌లో తీర్మానం రాయాలి.

కొట్టేసిన కాగితాలు మొన్న అమ్మకి చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ చివరిదాకా వింది. కెమెరా సంగతి దగ్గర చేయి ఆగింది, ఏమీ అనలేదు. అంతా అయ్యాక, "రెండింటికి కాదే, ఒకటిన్నరకి లేచేదాన్ని. రెండు దాటితే ధార సన్నబడేది. రోడ్డు మీద కూర్చుంది కూడా పదో రోజు కాదు, పన్నెండో రోజు. సరిగ్గా రాయి" అంది.