అడగని అప్పుకు మన పేరెందుకు?

వానాకాలం పెట్టుబడికి బ్యాంకు మెట్లెక్కే రైతుకు ఇప్పుడు ఒక కొత్త జవాబు దొరుకుతున్నది. పాసుపుస్తకం ఉన్నది, పాత బాకీ లేదు, అయినా ‘నీ సిబిల్ బాగలేదు’ అంటూ కాగితాలు వెనక్కి ఇస్తున్నారు. సిబిల్ అంటే ఏమిటో, దాన్ని ఎవరు పాడుచేశారో చెప్పే వారు మాత్రం ఉండరు.

నా సంగతే రాస్తాను. కిందటేడు పత్తి అమ్మినంక నర్సంపేటలో ఒక దుకాణానికి ఫోను కొనడానికి పోయాను. ‘అన్నా, ఆధార్, పాన్ ఇయ్యి, కిస్తుల మీద వస్తదో రాదో చూస్త’ అన్నాడు కౌంటరు కాడి పిల్లగాడు. ఇచ్చాను. వచ్చిన ఓటీపీ కూడా చెప్పాను. కిస్తీ లెక్క నచ్చక ఏమీ కొనకుండానే కొత్తగూడ బస్సెక్కాను. తర్వాత పంట రుణానికి పోతే మేనేజరు నా రిపోర్టు తిప్పి చూపించారు. ఒకే రోజున నాలుగు ఫైనాన్సు కంపెనీల ఎంక్వయిరీలు! అందులో రెండింటి పేర్లు నేను అంతకుముందు విననే లేదు. ‘నాలుగు చోట్ల అప్పుకు తిరిగినట్టున్నవు గదా’ అన్నారు. నేను తిరిగింది ఒక్క దుకాణం. నాలుగు చోట్ల తిరిగినవి నా కాగితాలు.

అప్పు ఇచ్చే ముందు ఒక సంస్థ మన అప్పుల చరిత్ర తీసి చూస్తే దాన్ని హార్డ్ ఎంక్వయిరీ అంటారు. ఒక్కటి పడితే పెద్ద నష్టం లేదు. కొద్ది రోజుల్లో వరుసగా పడితే ఈ మనిషి అప్పులకు ఎగబడుతున్నాడని లెక్కగట్టి, 300 నుంచి 900 వరకు ఉండే స్కోరును దించుతారు. మన రిపోర్టు మనమే చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు.

‘ఓటీపీ చెప్పినవు గదా, అదే నీ సమ్మతి’ అంటారు. ఒక్క దుకాణానికి, ఒక్క ఫోను కోసం చెప్పిన అంకె నాలుగు కంపెనీలకు సమ్మతి ఎట్లా అవుతుంది? ఇంగ్లీషులో వచ్చిన ఆ మెసేజు అర్థమేమిటో ఆ పిల్లగానికే తెలియదు, నాకేం తెలుస్తుంది? 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం 22వ సెక్షన్ ప్రకారం అధికారం లేకుండా ఈ సమాచారం తీసినవారికి ఒక్కో నేరానికి లక్ష రూపాయల దాకా జరిమానా. అంతేకాదు, అట్లా తీసిన సమాచారాన్ని దేనికీ లెక్కలోకి తీసుకోరాదు. రుణం ఆపిన మేనేజర్లు ఈ చివరి మాట చదవాలి.

చట్టం బాగానే ఉన్నది, దారే బాగలేదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు కంపెనీలున్నాయి. ఏ దాంట్లో ఏ ఎంక్వయిరీ పడిందో నాలుగూ తీసి చూడాలి. ఫిర్యాదు ఇంగ్లీషులో, ఆన్‌లైన్‌లో. సిగ్నలు కోసం గుట్టెక్కే ఊళ్లు మనవి. పైగా ఆ కంపెనీ తనంతట తాను ఎంక్వయిరీ తీసేయదు, వేసిన ఫైనాన్సు సంస్థనే అడుగుతుంది. తప్పు చేసినవాడు ఒప్పుకుంటేనే తప్పు దిద్దుతారట! నా నాలుగింటిలో రెండు తీసేశారు. మిగతా రెండు సంస్థలు ‘సమ్మతి ఉన్నది’ అని ఒక్క ముక్కలో తేల్చాయి. ఆ సమ్మతి ఎక్కడున్నదో చూపించమని మళ్లీ రాశాను.

ఈలోపు అదను ఆగుతుందా? ఏజెన్సీలో బ్యాంకు కాదన్న రైతు పోయేది ఎక్కడికో అందరికీ తెలుసు. విత్తనం, మందుబస్తా అప్పిచ్చి, మక్కలైనా పత్తైనా తాను చెప్పిన ధరకే తీసుకునే వ్యాపారి దగ్గరికి. ఆ మిత్తి ఏ స్కోరులోనూ కనబడదు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు పంట రుణానికి తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. తాకట్టు పోయిన చోట సిబిల్ వచ్చి కూర్చుంటే రైతుకు ఒరిగిందేమిటి? మహారాష్ట్రలో పంట రుణాలకు సిబిల్ అడిగే బ్యాంకులపై కేసులు పెడతామని 2025 మేలో అక్కడి ముఖ్యమంత్రే హెచ్చరించారు. మన రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితిలో ఆ మాట అనడానికి మన ప్రభుత్వానికి అడ్డమేమిటి? పంట రుణానికి ఎంక్వయిరీల లెక్క చూడొద్దు. సమ్మతి రాతలో, తెలుగులో, ఒక్కో సంస్థకు వేరువేరుగా తీసుకోవాలి. చూపించలేని ఎంక్వయిరీని వెంటనే కొట్టేయాలి.

అప్పటిదాకా మనం ఊరుకోవద్దు. ఏడాదికి ఒకసారి నాలుగు కంపెనీలూ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. చదువుకున్న పిల్లలతో తీయించి, ఎంక్వయిరీల పేజీలో తెలియని పేరుంటే ఫిర్యాదు పెట్టండి, నంబరు రాసిపెట్టుకోండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలనే నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్నది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, ఖర్చు లేదు. 14448కు ఫోను చేస్తే తెలుగులోనే దారి చెప్తారు. రిపోర్టును ఎవరైనా తీసినప్పుడు మనకు మెసేజు రావాలి కూడా. ఫోను నంబరు మార్చినవాళ్లు బ్యాంకులో కొత్తది రాయించండి, లేకుంటే ఆ మెసేజు పాత నంబరుకే పోతుంది.