దొరలాట

“మా పోరనికి పైసల విలువ ఎరుకైతున్నదక్కా!” అని మురిసింది మా నల్లగొండ పొరుగింటావిడ. తొంగి చూశాను. కింద మోనోపలీ అట్ట. పదేళ్ళ పిల్లవాడు కిరాయి కింద చెల్లెలి చేతిలోని ఆఖరు నోటు కూడా లాక్కున్నాడు. ఆ పిల్ల ఏడుస్తోంది, తల్లి నవ్వుతోంది.

ఇదా పైసల విలువ? చెమటోడ్చే గడి ఆ అట్ట మీద ఒక్కటైనా ఉందా? జాగా పట్టు, దారిన పోయేవాణ్ణి పిండు! ఈ విద్య మన గడీల దొరలకు ఏ అట్టా చూడకుండానే వచ్చేది.

చిత్రమేమంటే, దీనికి మూలమైన ఆటకు 1904లో పేటెంటు పొందిన లిజీ మేగీ, భూమి కొందరి చేతుల్లో పడితే జరిగే అన్యాయం చూపడానికే దాన్ని కల్పించింది. సంపద పెరిగితే అందరికీ వాటా దక్కే నియమాలు కూడా రాసింది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొన్నది. లోకమంతా అమ్ముడైంది మాత్రం అందరినీ ముంచి ఒక్కడు గెలిచే ఆటే!

అమ్మలారా, ఆట మాన్పించమనను. ఆట ముగిశాక, 1951లో అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమిలేనివాళ్ళు 80 ఎకరాలడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్న కథ చెప్పండి. చెల్లెలి నోట్లు చెల్లెలికిచ్చి మళ్ళీ ఆడమనండి. లెక్క ఎలాగూ వస్తుంది. పెట్టే గుణం మనం నేర్పితేనే వస్తుంది.