ఒకే పాఠానికి రెండు ఫీజులు

ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో చెప్పే ప్రోగ్రామింగు పాఠాన్ని మన పిల్లలు రెండుసార్లు కొనుక్కుంటున్నారు. ఒకసారి కళాశాలలో, మరోసారి దిల్‌సుఖ్‌నగర్‌లో. మొదటిది మార్కుల కోసం, రెండోది అర్థం కావడం కోసం. ఇది ఎవరికీ వింతగా తోచకపోవడమే నాకు వింతగా తోస్తుంది.

ఎల్.బి.నగర్ చౌరస్తా ఎరిగినవారికి ఈ పిల్లలెవరో వేరే చెప్పనక్కరలేదు. నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులు నగరంలో అడుగుపెట్టేది ఇక్కడే. సాగర్ రహదారి మీదా, విజయవాడ రహదారి మీదా ఉన్న ఇంజనీరింగు కళాశాలలకు పిల్లలు పొద్దున్నే బయల్దేరేదీ ఈ చుట్టుపక్కల నుంచే. కొత్తపేట, చైతన్యపురి సందుల్లోని హాస్టళ్లలో ఉంటూ, పగలు కళాశాలకూ సాయంత్రం శిక్షణాకేంద్రానికీ తిరుగుతుంటారు. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ దాకా మెట్రో రావడంతో అమీర్‌పేట శిక్షణాకేంద్రాలు కూడా వీరికి దగ్గరయ్యాయి. చదివిన పాఠమే మళ్లీ చదవవలసిన అవసరం మాత్రం తీరలేదు.

ఆ కేంద్రాలలో కొత్తగా చెప్పేదేమిటి? అదే సి భాష, అవే లూపులు, అవే పాయింటర్లు. చెప్పే తీరే వేరు. “ఇప్పుడు ఐ విలువ ఎంత? నాలుగు. ఐదుకన్నా చిన్నదేనా? అయితే లోపలికి పో. పని అయిందా? ఐ కి ఒకటి కలుపు. మళ్లీ పైకి వెళ్లి అడుగు.” ఇంతే! సగం ఇంగ్లీషు కలిసిన మామూలు తెలుగు. కానీ విద్యార్థి అంతవరకు బొమ్మలాగా చూసిన నాలుగు పంక్తులు కళ్ల ముందు కదలడం మొదలవుతుంది.

పాఠ్యప్రణాళికలో లోపముందని నేననను. జె.ఎన్.టి.యు. 1972లో ఏర్పడింది, డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సి భాషకు రూపమిచ్చిందీ ఆ రోజుల్లోనే. ఇంచుమించు ఈడువాళ్లైన ఈ ఇద్దరికీ పొత్తు బాగానే కుదిరింది. 2018 నాటి ప్రణాళికలో ఈ పాఠానికి ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ అని పేరు కూడా పెట్టారు. సమస్యను సాధించడానికే ప్రోగ్రామింగు అన్నమాట. పేరులో ఉన్న ఆ దృష్టి తరగతిలో ఎంత కనబడుతోందన్నదే ప్రశ్న. ఫాక్టోరియల్, పాలిండ్రోమ్, ఫిబొనాచ్చి, మాత్రికల గుణకారం – వీటిని ఎక్కాల్లాగా వల్లెవేసి, రికార్డులో చేత్తో నింపి, పరీక్షలో అప్పజెప్పి వచ్చినవారిని నేను చాలామందిని చూశాను.

ఒక్క ఉదాహరణ చెబుతాను. మన ల్యాబుల్లో ఏళ్ల తరబడి వాడిన టర్బో సి లో పూర్ణాంకానికి కేటాయించే చోటు 16 బిట్లు. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. ఫాక్టోరియల్ ప్రోగ్రాము రాసి 7 ఇస్తే 5,040 అని సరిగ్గానే చెబుతుంది. 8 ఇస్తే రావలసింది 40,320. తెర మీద వచ్చేది -25,216! ధనసంఖ్యలనే గుణించుకుంటూ పోతే రుణసంఖ్య ఎలా వచ్చిందని ఒక కుర్రవాడు తన ల్యాబులో అడిగితే, “ఎనిమిది ఎందుకిచ్చావు? ఐదు ఇవ్వు” అన్నారట. ఆ మాట అతడే నాతో చెప్పాడు.

నా దృష్టిలో మొత్తం సంవత్సరానికి తలమానికమైన పాఠం ఆ -25,216 లోనే ఉంది. 16 బిట్లలో 65,536 రకాల విలువలు రాయవచ్చు. సగం రుణసంఖ్యలకు, మిగిలిన సగం సున్నాకూ ధనసంఖ్యలకూ. 32,767 దాటితే గడియారం ముల్లు పన్నెండు దాటి ఒంటిగంటకు వచ్చినట్లు లెక్క మొదటికి, అంటే అతిచిన్న రుణసంఖ్యకు తిరుగుతుంది. 40,320 లోంచి 65,536 తీసివేసి చూడండి, -25,216 వస్తుంది. నేటి కంపైలర్లలో పూర్ణాంకానికి సాధారణంగా 32 బిట్లు ఇస్తారు కాబట్టి 12 దాకా బాగానే నడిచి 13 దగ్గర తప్పుతుంది. రోగం అదే, బయటపడే చోటే మారింది. దీన్ని తెలుగులో వివరించడానికి నాకు ఒక్క పేరా పట్టింది. గణితంలోని సంఖ్య వేరు, యంత్రంలోని సంఖ్య వేరు అన్న ఎరుక కలగడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. ఆ సందర్భాన్ని “ఐదు ఇవ్వు” అన్న రెండు మాటలు మింగేశాయి.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాడికి ఈ విద్య బొత్తిగా కొత్తదేమీ కాదు. 2014లో పాఠ్యపుస్తకాలు మారేవరకు మన పదోతరగతి గణితంలో ప్రవచనాలు, ప్రమేయాలు, మాత్రికలు ఉండేవి. చివర కంప్యూటింగు మీద ఒక అధ్యాయం, అందులో ఫ్లోచార్టులు కూడా ఉండేవి. ఆ అధ్యాయం పోయినా, ప్రమేయాలు, గణితానుగమనం, మాత్రికలు ఇంటర్మీడియెటు గణితంలో తెలుగులో చదువుతూనే ఉన్నారు. చలరాశి వాడికి తెలుసు. ప్రదేశంలోని విలువ నిస్తే వ్యాప్తిలోని విలువ నిచ్చే ప్రమేయం తెలుసు. మాత్రికలో అడ్డువరుసా నిలువువరుసా తెలుసు. తీరా ఇంజనీరింగులో చేరాక వేరియబుల్, ఫంక్షన్, అర్రే అంటూ అవే చుట్టాలు కోటు తొడుక్కుని ఎదురైతే వాడు గుర్తుపట్టలేడు. “వీళ్లు నీకు తెలిసినవాళ్లేరా” అని చెప్పే మనిషి కావాలి. తేడాలున్నచోట అవి కూడా చెప్పాలి. ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అన్నది గణితంలో అసత్యం, ప్రోగ్రాములో ఆజ్ఞ. “ఎక్స్‌లో ఉన్నదానికి ఒకటి కలిపి మళ్లీ ఎక్స్‌లోనే పెట్టు” అనగానే చిక్కు విడిపోతుంది.

ప్రోగ్రామింగు భాషలే ఇంగ్లీషులో ఉన్నాయి గదా అని ఒక ఆక్షేపణ వినబడుతుంది. 1989 నాటి ప్రామాణిక సి లో ఉన్న ప్రత్యేకపదాలు మొత్తం 32. వాటిని ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు. ‘ఫర్’ అంటే నిఘంటువు చూసి ‘కొరకు’ అనుకున్నంత మాత్రాన లూపు ఎవరికీ అర్థం కాదు. ఇంగ్లీషు వచ్చినవాడికైనా అది ఎలా తిరుగుతుందో విడమర్చి చెప్పవలసిందే. ఆ చెప్పడం ఏ భాషలో అన్నదే నేను మాట్లాడుతున్న విషయం.

హైదరాబాదు తరగతిలో ఉర్దూ, హిందీ మాట్లాడేవారు ఉంటారు, వారి గతేమిటి అన్నది రెండో ఆక్షేపణ. ఇది సరైన ప్రశ్న. అందుకే ఉపన్యాసం ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. ల్యాబులో ఒక్కొక్కరి దగ్గరా నిలబడి చెప్పేటప్పుడు వాడి భాషలో చెప్పండి. వైవాలో తెలుగులో జవాబు చెబితే మార్కులు కోయకండి. వచ్చిన ప్రోగ్రాము మళ్లీ రాయమనే బదులు, తప్పున్న ప్రోగ్రాము ఇచ్చి తప్పెక్కడో చెప్పమనండి. అడిగితే యంత్రమే ప్రోగ్రాము రాసిచ్చే ఈ రోజుల్లో వల్లెవేతకు విలువేముంది? తప్పు పట్టగలగడమే విద్య.

2021-22 నుంచి ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగు బోధనకు ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతినిచ్చింది. మంచిదే. కానీ నేను కోరేది అంత పెద్దది కాదు. డిగ్రీ మొత్తాన్ని తెలుగు చెయ్యనక్కరలేదు, లూపుకు సంస్కృత సమాసం వెతకనక్కరలేదు. మొదటి సంవత్సరపు ఈ ఒక్క పాఠాన్ని అర్థమయ్యే మాటల్లో వివరిస్తే చాలు.

ఎందుకింత పట్టుదల అంటారా? దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో ఫీజు కట్టగలిగినవాడు ఎలాగో గట్టెక్కుతాడు. కట్టలేనివాడు “నాకు ఇంత బుర్ర లేదు” అనుకుని ఆగిపోతాడు. ఇంటిల్లిపాదిలో మొదటిసారి కళాశాల గడప తొక్కినవాడు తన తెలివి మీద తానే అలాంటి తీర్పు చెప్పుకోవడం కన్నా అన్యాయం ఏముంటుంది?

తెలుగులో సాంకేతిక విషయాలు రాయవచ్చని చేసి చూపించిన మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. మొదటి సంవత్సరం ల్యాబులో చేయించే ప్రోగ్రాముల్లో తలా ఒకటి తీసుకుని, అది ఎలా నడుస్తుందో, ఎక్కడ తప్పుతుందో, ఎందుకు తప్పుతుందో తెలుగులో రాద్దామా? ఫాక్టోరియల్ సంగతి నేను పైన మొదలుపెట్టాను. ఫిబొనాచ్చి ఎవరు తీసుకుంటారు?