కుక్కగారి గృహనిర్బంధం

నిన్న మీ కుక్కను ఎంతసేపు నడిపించారు?

కుక్క లేనివాళ్లు ఈ ప్రశ్నను పక్కింటివాళ్లకు బదిలీ చేసుకోవచ్చు. ఉన్నవాళ్లు మాత్రం నిజం చెప్పాలి. ‘మేడ మీద వదిలేస్తామండీ’, ‘కాంపౌండంతా దానిదేగా’, ‘వాచ్‌మన్ తిప్పుతాడు’, ‘ఆదివారం తీసుకెళ్తాం’... ఇవేవీ జవాబులు కావు. తాడు చేత పట్టుకుని, గేటు దాటి, దానితోపాటు మీరెంత దూరం నడిచారన్నది ప్రశ్న.

మనవాళ్లు కుక్కను పెంచడంలో పిసినారితనం చూపిస్తారని ఎవరూ అనలేరు. తెచ్చినరోజే దానికో పేరు, మెడకో బెల్టు, పళ్లెం, పరుపు. ఆదివారం మనకు కూర వండితే దానికి ముక్కలు విడిగా ఉడకాల్సిందే. వేసవిలో ఏసీ గదిలో పడక. పుట్టినరోజుకు కేకు. జ్వరమొస్తే ఇంటిల్లిపాదీ డాక్టరు దగ్గర క్యూ. అన్నీ ఉన్నాయి. నడకే లేదు.

నిజానికి కుక్కను నడిపించడమన్నది మనకు తాతల నుంచి వచ్చిన అలవాటు కాదు. అప్పట్లో ఆ అవసరం రాలేదు. పల్లెలో కుక్క పొద్దున్నే తాతయ్య వెనకాలే పొలం వెళ్లేది. గట్ల వెంట తొండల్ని తరిమేది. మధ్యాహ్నం చింతచెట్టు నీడన ఓ కునుకు. సాయంత్రం గేదెలతోపాటే ఇంటికి. ఇక గొర్రెల మంద వెంట తిరిగే కుక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు, కాపరి ఎంత నడిస్తే అవీ అంత నడిచేవి, ఆ మాటకొస్తే అంతకు రెట్టింపు పరిగెత్తేవి. ఎవరూ దాన్ని ‘వాకింగ్’ అనలేదు. మనం పట్నం వచ్చాం. కుక్కను తెచ్చుకోగలిగాం, పొలాన్ని తెచ్చుకోలేకపోయాం. ఆ పొలానికి బదులుగా దానికి దక్కాల్సింది రోజుకో గంట నడక. అదీ ఎగ్గొడితే ఎలా?

2003లో వచ్చిన హచ్ ఫోను ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఓ పిల్లాడు వీధులూ గుట్టలూ పట్టుకుని తిరుగుతుంటాడు. ముడతల మొహంతో ఓ పగ్ కుక్కపిల్ల వాడు ఎటు వెళ్తే అటు వెనకాలే పోతుంటుంది. ఆ ప్రకటన పుణ్యమాని దేశమంతా పగ్‌లకు గిరాకీ పెరిగింది. చిత్రమేంటంటే, ఆ ప్రకటనలో కుక్క చేసిన పని ఒక్కటే... నడవడం! అది నడిచింది కాబట్టే ముద్దొచ్చింది. కొని తెచ్చుకున్నవాళ్లు మాత్రం సోఫా మీద కూర్చోబెట్టారు.

పగ్ పొట్టిది, దానికి కాస్త నడక చాలు. తక్కిన జాతుల మాటేంటి? చాలావరకు ఏదో ఒక పని కోసం మనిషి తయారుచేసుకున్నవే. లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్‌లో చేపలు పట్టేవాళ్లతో కలిసి నీళ్లలో దూకి పనిచేసినవి. జర్మన్ షెపర్డ్, పేరులోనే ఉంది, గొర్రెలు కాసింది. బీగిల్ కుందేళ్ల వాసన పట్టి గంటలకొద్దీ తరిమేది. ఇక ఈమధ్య మన అపార్ట్‌మెంట్లలో కూడా కనిపిస్తున్న సైబీరియన్ హస్కీ... మంచుబండి లాగడానికి సైబీరియాలోని చుక్చీ జనం పెంచిన జాతి. 1925లో అలస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలితే మందు చేరవేసింది ఇలాంటి బండికుక్కలే. దాదాపు 150 కుక్కలు, 20 మంది తోలేవాళ్లు, వంతులవారీగా, మంచుతుపానులో 1,080 కిలోమీటర్లు ఐదున్నర రోజుల్లో దాటించారు. ఆ జాతి కుక్కను తెచ్చి ఆరో అంతస్తులో, నాలుగడుగుల బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన కట్టేస్తే అది ఏం చేయాలి? అరుస్తుంది. తలుపు గీకుతుంది. చెప్పులు నమిలేస్తుంది. ‘మహా అల్లరిదండీ’ అని మనం దాని మీదే చాడీలు చెబుతాం.

కుక్కపిల్ల ఇంటికి వచ్చే వైనం అన్నిచోట్లా ఒకటే. పిల్లలు మారాం చేస్తారు. అమ్మ వద్దంటుంది. ‘నీకేం పని ఉండదమ్మా, అన్నీ మేమే చేస్తాం, రోజూ మేమే తిప్పుతాం, ప్రామిస్’ అంటారు. మొదటి నెల తాడు ఎవరు పట్టుకోవాలని అన్నాచెల్లెళ్లు కొట్టుకుంటారు. మూడో నెల వంతులు వేసుకుంటారు. ఆర్నెల్లకు ట్యూషన్లు, టెన్త్, ఇంటర్, ఎంట్రెన్సులు... ప్రామిస్ చేసినవాళ్లు హాస్టల్‌కు వెళ్లిపోతారు. వద్దన్న అమ్మే పెరుగన్నం కలిపి పెడుతూ, ‘నా ప్రాణానికి పెట్టి పోయారు’ అంటూ దాని తల నిమురుతూ ఉంటుంది. వంట, టిఫిన్లు, బాక్సులు అయ్యాక దాన్ని తిప్పే ఓపిక ఆమెకెక్కడిది?

మరి నాన్న? ఆయనకు షుగరు. రోజూ ముప్పావుగంట నడవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. కాబట్టి తెల్లవారుజామున కాన్వాస్ బూట్లు వేసుకుని, కుక్క కళ్లముందే గేటు తీసి, కుక్క కళ్లముందే గేటు వేసి, కారులో పార్కుకు వెళ్లి, అక్కడ గుండ్రంగా ఎనిమిది చుట్లు తిరిగి వస్తాడు. ఆ ముప్పావుగంటా ఇది గేటు ఊచల మధ్య మూతి పెట్టుకుని నిలబడి ఉంటుంది. నడవాల్సిన ప్రాణులు ఒకే ఇంట్లో రెండున్నాయి. ఒకరికి తోడు లేక బోరు, ఇంకొకరికి తోడు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఆ గేటు వేయకుండా ఉంటే సరిపోతుందని ఎవరికీ తట్టదు! (ఇంకొందరి ఇళ్లలో ట్రెడ్‌మిల్లు కూడా ఉంటుంది. దాని మీద ఏం ఆరేస్తారో మీకు తెలుసు.)

కొందరి ఫిర్యాదు వేరు. ‘తీసుకెళ్దామనే ఉంటుందండీ, కానీ చెయ్యి ఊడొచ్చేలా లాగేస్తుంది. అందుకే మానేశాం.’ లాగక ఏం చేస్తుంది? ఆరు రోజులు నాలుగు గోడల మధ్య ఉంచి ఏడోరోజు గేటు తీస్తే, సెలవులకు హాస్టల్ గేటు తీసినప్పుడు పిల్లలెలా వస్తారో అదీ అలాగే వస్తుంది. నడిపించం కాబట్టి లాగుతుంది, లాగుతుంది కాబట్టి నడిపించం. ఈ చిక్కుముడి విప్పడం కుక్క చేతుల్లో లేదు. అది లాగిన ప్రతిసారీ మీరు అక్కడికక్కడే ఆగిపోండి. తాడు వదులయ్యాక అడుగు వేయండి. మొదట్లో వీధి చివరికి వెళ్లడానికి పావుగంట పడుతుంది, చూసినవాళ్లు నవ్వుతారు కూడా. కొన్ని వారాలు ఓపిక పడితే, లాగితే ముందుకు పోలేమని దానికే అర్థమవుతుంది.

‘కాంపౌండు ఉంది కదా’ అనేవాళ్లకు ఒక మాట. ఖాళీ స్థలంలో ఒంటరిగా వదిలిన కుక్క తనంతట తాను పరుగు పందెం పెట్టుకోదు. ఓ గంట గమనించండి. గేటు దగ్గరో, గుమ్మం దగ్గరో పడుకుని మీకోసం ఎదురుచూస్తుంటుంది. దానికి కావలసింది జాగా ఒక్కటే కాదు, వాసనలు. మన ముక్కులో వాసన పసిగట్టే కణాలు అరవై లక్షల దాకా ఉంటే కుక్కకు ఇరవై కోట్లకు పైనే. కరెంటు స్తంభం దగ్గర అది అరనిమిషం ఆగిందంటే, ఏ కుక్క వచ్చిపోయింది, ఆడదా మగదా, ఎప్పుడొచ్చింది అన్నీ చదువుకుంటోందన్నమాట. మీరు ఈ ఆదివారం పుస్తకం తిరగేస్తున్నట్టే. సగం పేజీలో ఉండగా మీ చేతుల్లోంచి ఎవరైనా దీన్ని లాక్కుంటే ఎలా ఉంటుంది? ‘పద పద’ అని తాడు గుంజినప్పుడు దానికీ అంతే.

నడక లేని కుక్కను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. టైల్స్ మీద నడుస్తుంటే గోళ్లు టకటకమంటాయి, అరగడానికి రోడ్డు తగలదు కాబట్టి. నడుము మాయమై పీపాలా తయారవుతుంది. లాబ్రడార్లయితే మరీను. వాటిలో దాదాపు నాలుగోవంతు కుక్కలకు ఆకలిని అదుపులో పెట్టే జన్యువులోనే తేడా ఉందని 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు కనిపెట్టారు. అంటే ఎంత తిన్నా మీ కంచం వైపు చూస్తూనే ఉంటుంది. జాలిపడి చపాతీ ముక్క పెడతారు. నడక లేదు, చపాతీ ఉంది. ఆ బరువు మోసే కీళ్లు మాత్రం నాలుగే కాళ్లవి.

నడిపించకపోతే అదేమన్నా నేరమా అని నవ్వేరు. ఇటలీలోని టురిన్ నగరంలో 2005లో రోజుకు మూడుసార్లు కుక్కను తిప్పని యజమానికి 500 యూరోల దాకా జరిమానా అని నిబంధన తెచ్చారు. ప్రపంచమంతా ఆ వార్తను వింతగా చెప్పుకుంది. కానీ మనదేశంలో అంతకు 45 ఏళ్ల ముందే ఇలాంటి మాట చట్టంలోకి ఎక్కింది. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపాలంటూ సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. అలా వచ్చిందే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. అందులో 11వ సెక్షన్ చదవండి. మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో అదేపనిగా కట్టేసి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి, లేదా మూసేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం లేకుండా చేయడమూ నేరమే. గాడిదకు బరువెక్కువ వేయడం, ఎద్దును కొట్టడం లాంటి వాటి సరసనే ఇదీ ఉంది. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. 1960లో యాభై అంటే చిన్న మొత్తం కాదు. ఇప్పుడు ఆ డబ్బుకు కుక్క బిస్కెట్ల పెద్ద ప్యాకెట్ కూడా రాదు.

అదే సెక్షన్‌లో, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును కారణం లేకుండా వదిలేయడం గురించి కూడా ఉంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నడక లేని కుక్క కథ చాలాసార్లు ఇక్కడికే చేరుతుంది. కదలిక లేక అరుస్తుంది. అరుస్తోందని పక్క ఫ్లాటువాళ్లు అసోసియేషన్‌కు ఫిర్యాదు చేస్తారు. ఎవరినో కరవబోతుంది. ‘దీంతో పడలేం’ అనుకుంటారు. ఓ రోజు బాల్కనీ ఖాళీగా కనిపిస్తుంది. అడిగితే, ‘మావాళ్ల ఫాంహౌస్‌కు పంపేశాం, అక్కడ హాయిగా ఉంది’ అంటారు. అన్ని ఫాంహౌస్‌లు మన రాష్ట్రాల్లో ఉన్నాయా అని నాకెప్పుడూ అనుమానమే. బెల్టు మచ్చ మెడ మీద ఇంకా చెరగని లాబ్రడార్లు ఊరి బయట బైపాస్ దగ్గర బిత్తరచూపులు చూస్తూ ఎందుకు కనిపిస్తాయి మరి?

యజమానుల వైపు కూడా న్యాయం లేకపోలేదు. వీధిలోకి అడుగుపెడితే వీధికుక్కలు చుట్టుముడతాయి. ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నచోట బైకు ఉంటుంది. చాలా పార్కుల్లోకి కుక్కను రానివ్వరు. హైదరాబాద్ కొండాపూర్‌లో 2018లో జీహెచ్ఎంసీ కుక్కల కోసమే ఓ పార్కు తెరిచింది, బాగుంది. కానీ మల్కాజిగిరివాళ్లు రోజూ అక్కడికి వెళ్లలేరు కదా. చేయగలిగిందల్లా, వీధికుక్కలు బద్ధకంగా పడుకునే వేళలూ అవి లేని వీధీ కనిపెట్టుకోవడం, రేబిస్ టీకా తప్పకుండా వేయించడం, చేతిలో ఓ కర్ర ఉంచుకోవడం... కొట్టడానికి కాదు, చూపించడానికి. ఇంకో చేతిలో ఓ సంచి. పక్కింటివాళ్ల ముగ్గు మీద అది కూర్చున్నప్పుడు ఫోను చూస్తున్నట్టు నటించేవాళ్ల వల్లే, తీసి శుభ్రంచేసేవాళ్లకు కూడా ఊళ్లో చెడ్డపేరు వస్తోంది.

ఎండ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని చల్లదనం. ఏప్రిల్, మే నెలల్లో తారురోడ్డు మీద అరచేతి వెనక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. సూర్యోదయానికి ముందు, రాత్రి రోడ్డు చల్లారాక... అంతే. చప్పిడి ముక్కు పగ్‌లనైతే ఆ నెలల్లో నిదానంగా, కొద్దిసేపే తిప్పాలి, రొప్పు ఎక్కువైతే వెంటనే ఇంటికి తెచ్చేయాలి.

మా వీధిలో పన్నెండేళ్ల పొమరేనియన్ ఒకటుంది. కళ్లు సరిగా కనిపించవు, వెనక కాళ్లు వణుకుతాయి. ఇంటి పెద్దావిడ రోజూ సాయంత్రం దాన్ని వీధి మొదట్లో వేపచెట్టు దాకా తీసుకొస్తుంది. పాతిక అడుగులుంటుందేమో. దించి, పక్కనున్న అరుగు మీద ఆవిడ కూర్చుంటుంది. అది చెట్టు మొదలు చుట్టూ మెల్లగా తిరుగుతూ, అంగుళం అంగుళం వాసన చూస్తూ పది నిమిషాలు గడుపుతుంది. ‘ముసలిదైపోయిందిగా, ఇంకా ఎందుకమ్మా ఈ తిప్పలు’ అని ఎవరో అడిగితే, ‘నాలుగింటి నుంచే గుమ్మం దగ్గర కూర్చుంటుంది నాయనా’ అందావిడ.