స్వగ్రామమునకు వీడ్కోలు

జన్మస్థానమును ప్రేమించుట మనుజునకు సహజము. తాను నడక నేర్చిన వీధి, తన తల్లి నీరు తెచ్చిన చెరువు, తాను తొలిసారి ప్రార్థన విన్న చిన్న దేవాలయము, ఇవి యెంత దూరమేగినను మనస్సును విడువవు. అట్టి యూరిని విడిచి క్రీస్తుసేవకై పోవువానికి ఆ ప్రేమ యడ్డంకియని కొందరు చెప్పుదురు. సేవకునకు మమకారము తగదనియు, వీడ్కోలునాటి కన్నీరు విశ్వాసలోపమనియు వారి వాదము. మేము దీని నంగీకరింపజాలము.

మిలేతులో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలయొద్ద సెలవు తీసికొన్నప్పుడు, వారు అతనిని కౌగిలించుకొని మిగుల దుఃఖించి, ఓడదాక సాగనంపినట్లు అపొస్తలుల కార్యములవలన మనకు తెలియుచున్నది. పౌలు ఆ కన్నీటిని నిందింపలేదు. వారును అతని ప్రయాణము నాపలేదు. స్వగ్రామమును ప్రేమింపనివాడు పరగ్రామము నెట్లు ప్రేమింపగలడు?

మన తెలుగువారికి సంబంధించిన రెండు దృష్టాంతములను చూడుడు. రెండును 1903వ సంవత్సరమునకు చెందినవే. ఆ యేట తిరునల్వేలి తమిళ క్రైస్తవులు, భారతీయుల ధనముతో భారతీయులే సువార్తపని జరుపుటకై ఇండియను మిషనరీ సొసైటీని స్థాపించి, నాటి నిజాము రాజ్యమందలి డోర్నకలు ప్రాంతమును సేవాక్షేత్రముగా నెన్నుకొనిరి. దాని స్థాపకులలో నొకరైన అజరయ్యగారు 1909లో తామే అచటికి వచ్చిరి. తాటిచెట్ల సీమయందలి వెల్లాలన్‌విళై గ్రామమున బుట్టిన ఆయన మాతృభాష తమిళము. ముప్పదియైదేండ్ల ప్రాయమున ఆయన మన తెలుగు నేర్వవలసివచ్చెను. 1912లో డోర్నకలు బిషప్పుగా అభిషిక్తులై, 1945 జనవరి 1వ తేదీన ఆ డోర్నకలులోనే మరణించిరి.

అదే 1903లో తెలుగు బాప్తిస్టుల హోం మిషనరీ సంఘమువారు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాయందలి నేటాలుకు పంపిరి. 1860 మొదలుకొని మద్రాసు రేవున ఓడలెక్కి, అయిదేండ్ల ఒడంబడికపై అచటి తోటలలో కూలికి బోయినవారిలో తెలుగువారు పెక్కండ్రు. పొట్టకూటికై యూరు విడిచిన ఆ దీనులకు పూలమాల వేసి సాగనంపినవా రెవ్వరు? రంగయ్యగారు వారి నడుమకు బోయి, ఆ యేటనే కియర్స్‌నీలో తెలుగు సంఘమును స్థాపించి, 1915లో మరణించిరి. ఊరికి దూరమైన బిడ్డలను ఊరి భాషలో పలుకరించుటకై ఆయన తన యూరిని విడిచిరి.

తెలుగువారు సెలవు తీసికొనునప్పుడు “పోయెదను” అనరు, “పోయివచ్చెదను” అందురు. పరస్థలమున కన్ను మూసిన సేవకుడు ఆ మాట తప్పినట్లా? కాదని మా యభిప్రాయము. ఆ మాటకు పంపిన యూరును పూచీపడినదే. ఊరివారి యుత్తరములు, ప్రార్థనలు, సహాయము అతనిని చేరుచున్నంతకాలము ఆ బంధము తెగలేదు.

తలిదండ్రుల భయమును గూర్చియు ఒక మాట. ఉన్న యొక్క కుమారుడు వెళ్లిపోయినచో వృద్ధాప్యమున తన్ను చూచువా రెవ్వరని తల్లి యడిగినయెడల, అది అవిశ్వాసము కాదు, న్యాయమైన ప్రశ్న. మన ప్రభువు సిలువపై నుండియు తన తల్లిని ప్రియశిష్యుని కప్పగించెను గదా! కావున సంఘమువారు సభ జరిపి, మాల వేసి, ఫలహారములు పెట్టినంతమాత్రమున తమ పని ముగిసెనని యెంచరాదు. ఆ వృద్ధుల వైద్యమునకు, తోడునకు ఎవరు బాధ్యులో ఆ సభలోనే నిర్ణయింపవలెను. అట్లు చేయని సంఘమునకు పరుల బిడ్డలను సేవకు రమ్మని పిలుచు నధికారము లేదు.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు ఉపాధ్యాయులుగానో, నర్సులుగానో, బోధకులుగానో దూరసీమలకు పిలువబడవచ్చును. అప్పుడు తొందరపడి పోకుడు. అప్పులు తీర్చుడు, కలహించినవారితో సమాధానపడుడు, పెద్దల దీవెన పొందుడు. చేరిన చోట అచటి భాషను మనసార నేర్వుడు. మీ యూరిని పొగడుటకై ఆ యూరిని కించపరుపకుడు.

ఒకప్పుడు ఎవరో తమ యూరికి సెలవు చెప్పి వచ్చినందువలననే మన ప్రాంతములలో పెక్కు బడులును ఆసుపత్రులును వెలసెను. వారి తల్లులును నాడు వాకిట నిలిచి యేడ్చియుందురు. ఆ ఋణము మనపై నున్నది. మన వంతు వచ్చినప్పుడు, వెళ్లు బిడ్డను పొలిమేరదాక సాగనంపి, మరలివచ్చి వాని యింటి తలుపు తట్టి, ఆ ముసలివారి క్షేమ మడుగుట మన ధర్మము.