విజిల్ కాస్త పక్కన పెట్టండి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగితే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే, హాస్టళ్లే. అక్కణ్నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా కాలనీకో ప్రైవేటు బడి. వాటిలో చాలావాటికి ఆటస్థలమంటే స్కూలు వ్యాన్లు నిలిపే వాకిలే. బడికి ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. ఇక గేమ్స్ పీరియడంటారా, పరీక్షలు దగ్గరపడితే లెక్కల సారు ఖాతాలోకి పోతుంది.

స్థలం కోసం పోరాడాల్సిందే. అయితే దొరికిన ఆ కాస్త సమయంలో పిల్లలకు ఏం నేర్పుతున్నామన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. లైన్లో నిలబడు, చేతులు చాపు, విజిల్ వేస్తే పరిగెత్తు. పిల్లలు చెప్పింది చేస్తారు, అంతే. బుర్రకు పని ఉండదు.

ఆటను మరోలా నేర్పిన మాస్టారు ఒకరు ఇదే రోడ్డు మీద, మలక్‌పేటకు అటుపక్క చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా టీచర్. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బాధ్యత తీసుకుని, 1963లో కన్నుమూసేదాకా దానితోనూ, భారత ఫుట్‌బాల్ జట్టుతోనూ ఉన్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచిందన్నా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిందన్నా ఆయన చలవే.

రహీం ఈ నగరంలో పెట్టించిన పోటీలు చూడండి. ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి కాలికి తగలగానే తోటివాడికి అందించాలి. అంటే అది రాకముందే ఎవరు ఎక్కడున్నారో చూసి పెట్టుకోవాలి. ఇంకోదానిలో అలవాటైన కాలితో తన్నకూడదు. ఉపన్యాసం అక్కర్లేదు, ఒక్క రూలు మారిస్తే ఆటే పాఠం చెప్పింది. జకార్తాలో తలకు గాయమై కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించే తెగువ కూడా ఆ ఆలోచన నుంచే వచ్చింది. ఫైనల్లో రెండో గోల్ అతనిదే.

ముందు ఆట ఆడించి, మధ్యలో ప్రశ్నలడిగి, అవసరాన్ని బట్టి నైపుణ్యం నేర్పాలన్న పద్ధతిని ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరో విశ్వవిద్యాలయ అధ్యాపకులు డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ 1982లో సిద్ధాంతంగా రాశారు. రూలు మార్చి ఆలోచింపజేసే విద్య మన మాస్టారు అంతకు చాలా ముందే చేసి చూపించారు.

మన బడుల్లో ఇది ఎలా ఉంటుందో చూడాలంటే కబడ్డీనే తీసుకుందాం. దానికి వ్యాన్లు తీసేసిన వాకిలి చాలు. కూతకు వచ్చిన అమ్మాయి చీలమండ పట్టబోయి, మూలనున్న పిల్ల అవుటైంది. ‘అలా కాదు, ఇలా పట్టు’ అని వ్యాయామ టీచరు (పీఈటీ) లాగి చూపిస్తే ఆ పిల్ల ఆ ఒక్క పట్టే నేర్చుకుంటుంది. అదే ఆట ఆపి, ‘ఆమె బరువు అప్పుడు ఏ కాలి మీద ఉంది? నువ్వు కదిలినప్పుడు నీ పక్కనున్నామె ఎక్కడుంది?’ అని అడిగితే? మొదట అందరూ బిక్కమొహం వేస్తారు. ఆ తర్వాత వాదన మొదలవుతుంది. చేయీ చేయీ పట్టుకున్న గొలుసు ముందే కదిలిందని ఒకరు, తొందరపడ్డావని మరొకరు. మళ్లీ ఆడతారు, ఈసారి చూసి ఆడతారు. ఎప్పుడూ వెనక నిలబడే పిల్లకూ చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది. అసలు లాభం అదే.

యాభై మందిని పెట్టుకుని ఇదెక్కడ కుదురుతుందని పీఈటీలు అడగొచ్చు. వాళ్ల కష్టం నిజం. బడి మొత్తానికి ఒక్కరే ఉంటారు, ఆ ఒక్కరికే అసెంబ్లీ, ఫంక్షన్లు, క్రమశిక్షణ అన్నీ అంటగడతారు. అందుకే భారం వాళ్లొక్కరి మీద వేస్తే అన్యాయం. విద్యాశాఖ సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో చుట్టుపక్కల ప్రభుత్వ, ప్రైవేటు పీఈటీలందరినీ కూర్చోబెట్టి ఈ పద్ధతిలో శిక్షణ ఇవ్వాలి. యాజమాన్యాలు గేమ్స్ పీరియడ్‌ను ముట్టుకోకూడదు. తల్లిదండ్రులు కూడా ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కులతో పాటు, పిల్లలు ఈ వారం ఏం ఆడారో, ఏం మాట్లాడుకున్నారో అడగాలి.