అబల అన్నవారికి 240 కిలోల సమాధానం

ఆ మధ్య ఒక వివాహానికి వెళ్ళాను. భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి తన మనుమరాలు బరువులెత్తే క్రీడ నేర్చుకుంటానని పట్టుబట్టిందని చెప్పి నవ్వాడు. "ఆడపిల్లకు ఆ మోటుపని ఏమిటండీ మాస్టారూ? చక్కగా ఏ బ్యాడ్మింటనో ఆడుకోమన్నాం" అన్నాడు. సరిగ్గా అప్పుడే వంటశాల వైపు నుంచి అన్నపు గుండిగను ఇద్దరు స్త్రీలు చెరొక వైపు పట్టుకొని మోసుకువస్తున్నారు. అది మోటుపని అని ఆయనకు తోచలేదు. నేనూ నోరు మెదపలేదు. ఆనాటి మౌనానికి ప్రాయశ్చిత్తంగా ఈ నాలుగు మాటలు.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస చెంత ఊసవానిపేట అనే చిన్న పల్లె ఉన్నది. రైల్వే రక్షకదళంలో కానిస్టేబుల్‌గా పనిచేసిన ఒక సామాన్య గృహస్థు కుమార్తె కరణం మల్లేశ్వరి అక్కడ పెరిగింది. నీలంశెట్టి అప్పన్న గారు తొలి గురువు. తల్లి వెన్నుదన్ను. 1994, 1995 సంవత్సరాలలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ. ఇవన్నీ సిడ్నీకి ముందు మాటలే. అయినా ఈ నేలమీద ఎందరికి తెలిశాయి?

ఇక సిడ్నీ. పురుషులు 1896 నుంచే ఒలింపిక్ వేదికపై బరువులెత్తుతున్నారు. స్త్రీలకు ఆ వేదిక ఎక్కే అర్హత 2000లో గాని దక్కలేదు. నూటనాలుగేళ్ళ ఆలస్యం! ఆ తొలి అవకాశంలోనే, సెప్టెంబరు 19న, మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో నిలిచింది. ఒక్క ఊపులో నేలనుంచి శిరసుపైకి ఎత్తవలసిన స్నాచ్‌లో 110 కిలోలు. భుజాలకు చేర్చి, క్షణం నిలిచి, పైకెత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు. మొత్తం 240. కాంస్య పతకం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ స్త్రీ ఆమె. ఆ క్రీడలలో మన దేశానికి దక్కిన పతకం కూడా అదొక్కటే.

"కంచే కదా!" అని పెదవి విరిచినవారిని నేను నా చెవులారా విన్నాను. వారికి లెక్క చెప్పాలి. స్వర్ణ, రజత పతకాలు పొందిన చైనా, హంగరీ వనితలు ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే. శరీరభారం తక్కువైన చైనా వనితకు స్వర్ణం దక్కింది. మన అమ్మాయికీ వారికీ నడుమ రెండున్నర కిలోల దూరం. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు సాహసించింది. అది నిలిచి ఉంటే స్వర్ణం ఆమెదే. నిలవలేదు. చేతిలో ఉన్న పతకంతో తృప్తి చెందక స్వర్ణానికే గురిపెట్టి తప్పిపోవడం వీరలక్షణం కాదా? ఇదే పని ఒక పురుషుడు చేసి ఉంటే మనం ఏ పేరు పెట్టి ఉండేవాళ్ళం?

ఏ పేరు పెడతామో మనకు తెలుసు. అదే ఉత్తరాంధ్ర, నాటి శ్రీకాకుళ సీమలోని వీరఘట్టం, కోడి రామమూర్తి నాయుడు గారిని కన్నది. ఆయన ఛాతీపై ఏనుగును నిలిపారు, ఇనుప గొలుసులు తెంపారు. మనం 'కలియుగ భీముడు' అని కీర్తించాం. అది న్యాయమే. ఆయన కండలను చూసి మోటు అన్నవారు లేరు. మల్లేశ్వరి విషయంలో మాత్రం సిడ్నీకి పోకముందే ఆమె లావెక్కిందనీ, ఆమె రోజులు అయిపోయాయనీ విమర్శలు వచ్చాయి. బరువులెత్తే మనిషి బరువు పెరగడం కూడా ఒక అపరాధమే! భీముడి ఆకలి మనకు పురాణకథ. స్త్రీ శరీరం నలుగురికీ చర్చావిషయం.

ఈ దోషంలో పండితుల వాటా తక్కువేమీ కాదు. అమరకోశం స్త్రీ పర్యాయపదాలలో 'అబల'ను చేర్చింది. నేను దశాబ్దాలపాటు ఆ పదాన్ని నల్లబల్లపై వ్రాసి, సమాసం విప్పించి, "బలము లేనిది" అని వ్రాసిన ఆడపిల్లలకు పూర్తి మార్కులు వేశాను. అప్పట్లో మా పాఠశాలకు నీళ్ళ వసతి లేదు. ఆ బాలికలే రోజూ ఉదయం దూరపు బోరింగు నుంచి నిండు బిందెలు చంకన పెట్టుకొని తెచ్చి ఉపాధ్యాయుల గదిలో దించేవారు. ఆ నీళ్ళు త్రాగి, వెళ్ళి, వారికే 'అబల' పాఠం చెప్పినవాణ్ణి నేను. మగపిల్లలు ఆ వేళ మైదానంలో కబడ్డీ ఆడుతుండేవారు. అది నాకు వింతగా తోచనే లేదు.

భాష ఇంకా ఏం చేసిందో చూడండి. బలశాలిని మెచ్చుకోవాలంటే 'పౌరుషం' అంటాం. ఆ మాట పుట్టిందే పురుషుడి నుంచి. ధైర్యం గల ఆడపిల్లను 'మగరాయుడు' అంటాం. రాజ్యమేలిన రుద్రమ సైతం రుద్రదేవ మహారాజు అనే పురుషనామాన్ని ధరించవలసి వచ్చింది. 'వీరమాత' అంటే వీరుణ్ణి కన్నతల్లి. ఆమె స్వయంగా వీరురాలు కానక్కరలేదు.

"సౌకుమార్యమే స్త్రీకి శోభ, అది మన సంప్రదాయం" అనే మిత్రులున్నారు. వారిని ఒక్కటే అడుగుతాను. వరినాట్ల బురదలో, ఇటుకబట్టీల వద్ద, కట్టెలమోపుల కింద ఉన్న స్త్రీలకు ఈ సంప్రదాయం వర్తించదా? టోక్యోలో 2021లో మొత్తం 202 కిలోలెత్తి రజతం గెలిచిన మణిపురి బిడ్డ మీరాబాయి చాను బలం మొదట బయటపడింది అడవిలో కట్టెలమోపు ఎత్తినప్పుడే. స్త్రీ బరువు మోయడం మనకు అభ్యంతరం కాదు. ఆ బరువుకు లెక్క కట్టి, వేదికపై నిలిచి, తన బలానికి తానే పతకం అడగడమే మనకు కంటగింపు.

కండబలం ఉన్నచోట బుద్ధిబలం ఉండదనేవారికి మరొక సమాచారం. 2004 ఏథెన్స్ క్రీడలలో విఫలమై విరమించిన మల్లేశ్వరి అక్కడితో ఆగిపోలేదు. అత్తవారి ప్రాంతమైన హర్యానాలోని యమునానగర్‌లో శిక్షణకేంద్రం నెలకొల్పింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితురాలైంది. 'అబల' అర్థాన్ని వల్లె వేయించిన మావంటివారు ఎందరికి అంతటి పీఠం దక్కింది?

నా ప్రార్థన చిన్నది. ఉపాధ్యాయ సోదరులారా, 'అబల' పాఠం వచ్చిన రోజున, దాని పక్కనే 240 అని వ్రాయండి. పిల్లలే అడుగుతారు అదేమిటని. అప్పుడు కథ చెప్పండి. వీలైతే ఒక సంధి కూడా చెప్పండి: మల్ల + ఈశ్వరి = మల్లేశ్వరి, గుణసంధి. మల్లులకు ఈశ్వరి అని అర్థం. ఇది వ్యుత్పత్తి కాదు, చమత్కారమేనని నాకూ తెలుసు. కాని 'అబల'కు చెప్పిన అర్థం కంటే ఇది సత్యానికి దగ్గర.

ఆ పెద్దమనిషి చిరునామా సంపాదించాను. ఈ వ్యాసం ప్రతి ఒకటి ఆయనకు పంపుతున్నాను. అమ్మాయికి చూపించమని ప్రత్యేకంగా వ్రాశాను.

స్వస్తి.